మోర్స్ కోడ్: లెక్కపెట్టకుండా చెవితో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: ఖమ్మం_శ్రోత

అందరికీ నమస్కారం. నాకు రిస్ట్రిక్టెడ్ గ్రేడు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. వీయూ3తో మొదలయ్యే, గాలిలో నా గుర్తింపు పేరైన కాల్‌సైన్‌తో ఎక్కువగా రెండు మీటర్ల బ్యాండులోనే మాట్లాడుతుంటాను. దాని పై శ్రేణి అయిన జనరల్ గ్రేడుకు వెళ్లి వీయూ2 తెచ్చుకోవాలని కోరిక. రాతపరీక్ష సంగతి చూసుకోగలను గాని, మోర్స్ దగ్గర బండి కదలడం లేదు. నిమిషానికి 8 పదాల వేగంతో ఐదు నిమిషాలు వినిపించే పాఠాన్ని విని రాయాలి, అదే వేగంతో కీ (మోర్స్ కొట్టే మీట) మీద పంపాలి. పంపడం ఒక మాదిరిగా వస్తోంది. వినడమే రావడం లేదు.

నేను అక్షరాలు నేర్చుకున్న తీరు ముందుగా చెప్పాలి, ఎందుకంటే నా అనుమానమంతా దాని మీదే. కోడ్ పట్టిక చూసిన మొదటిసారే చుక్క లఘువుగానూ గీత గురువుగానూ కనిపించాయి. బడిలో బట్టీపట్టిన 'యమాతారాజభానసలగం' ఇంకా నోట్లోనే ఉంది కనుక, మూడేసి గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదీ ఎనిమిది గణాలుగా ఒక్క పూటలో వచ్చేశాయి: డబ్ల్యూ య గణం, ఓ మ గణం, జి త గణం, కె ర గణం, ఆర్ జ గణం, డి భ గణం, ఎస్ న గణం, యు స గణం. రెండేసి గుర్తులవాటిలో ఏ వ గణం, ఎన్ హ గణం. నాలుగేసి గుర్తులవాటిలో హెచ్ నలము, వి నగము, ఎఫ్ సలము. మిగిలిన అక్షరాలనూ అంకెలనూ ఏదో ఒక గణానికి తోక తగిలించి గుర్తుపెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ అక్షరం అడిగినా తడుముకోకుండా చెప్పగలను. ఫోనులోని యాప్‌లో 5 పదాల వేగం పెడితే చాలావరకు రాసుకోగలుగుతున్నాను. 8 పెట్టానంటే మాత్రం, గురులఘువులు గుర్తించి, గణమేదో తేల్చి, అక్షరం రాసేసరికి తరవాతి అక్షరం సగం దాటిపోతోంది. ఎస్, హెచ్, అంకె 5 మూడూ లఘువుల వరుసలే కావడంతో ఎన్ని వినిపించాయో లెక్క తప్పుతోంది. బి, 6 దగ్గరా, 2, 3 దగ్గరా ఇదే తంటా.

ఈ గణాల పద్ధతిని పూర్తిగా వదిలేయాలా, లేక ఇదే దారిలో సాధన చేస్తూ పోతే వేగం దానంతట అదే వస్తుందా? అక్షరాలను మొదటినుంచే 20 పదాల వేగంతో వినాలని కొందరు అంటున్నారు. 8 అందనివాడికి 20 ఎలా అందుతుంది? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: విశాఖ_రేడియో_ఆఫీసర్

శ్రోత గారూ, విని, గురులఘువులు గుర్తించి, గణం తేల్చి, అక్షరం రాస్తున్నానన్నారు. అంటే ఒక్క అక్షరానికి నాలుగు పనులు. 5 పదాల వేగంలో ఆ నాలుగింటికీ వ్యవధి దొరుకుతుంది, 8లో దొరకదు. మీ బుర్రను ఎంత పరుగెత్తించినా ఈ గొలుసు 10 పదాల దగ్గర తెగిపోతుంది. అందువల్ల సాధన పెంచడం కన్నా ముందు మధ్యలోని రెండు పనులను తీసేయాలి. శబ్దం వినిపించగానే చెయ్యి అక్షరం రాయాలి, అంతే.

20 పదాల వేగం ఎందుకంటారో లెక్క చూస్తే తెలుస్తుంది. మోర్స్‌లో కొలమానం డిట్, అంటే చుక్క శబ్దం. గీత శబ్దమైన డా దానికి మూడింతలు. ఒకే అక్షరంలోని గుర్తుల మధ్య ఒక డిట్ అంత, అక్షరాల మధ్య మూడు డిట్లంత, పదాల మధ్య ఏడు డిట్లంత నిశ్శబ్దం ఉండాలి. వేగాన్ని కొలవడానికి 'పారిస్' అనే పదాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. చివరి ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 డిట్ల పొడవు. కాబట్టి 1200ను వేగంతో భాగిస్తే డిట్ పొడవు మిల్లీసెకన్లలో వస్తుంది: 8 పదాలకు 150, 20 పదాలకు 60. కె అక్షరం తొమ్మిది డిట్ల పొడవు గనుక 8 పదాల వేగంలో అది 1.35 సెకన్లు సాగుతుంది, 20లో అరసెకను దాటి కొద్దిగా ఉంటుంది. సెకనుకు పైగా సాగే శబ్దాన్ని మనసు ముక్కలు చేసి లెక్కపెట్టకుండా ఉండలేదు. అరసెకనులో అయిపోయేదాన్ని లెక్కపెట్టే తీరిక దానికి ఉండదు కనుక, మొత్తాన్ని ఒకే ధ్వనిగా తీసుకోక తప్పదు. మీరు అడిగిన ఎస్, హెచ్, 5 సంగతీ అంతే. 20 పదాల వేగంలో ఎస్ 300, హెచ్ 420, అయిదు 540 మిల్లీసెకన్లు. ఎన్ని డిట్లు వచ్చాయన్నది కాక, శబ్దం ఎంతసేపు గలగలలాడిందన్నది చెవికి తెలియడం మొదలవుతుంది.

మరి 8 అందనివాడికి 20 ఎలా అందుతుందంటే, అక్షరాలు 20లో వస్తాయి గాని పాఠం 8లోనే నడుస్తుంది. ఇది ఫార్న్స్‌వర్త్ అనే అమెరికన్ అమెచ్యూర్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన ఏర్పాటు. అక్షరం లోపలి వేగాన్ని తగ్గించకుండా అక్షరాల మధ్య, పదాల మధ్య నిశ్శబ్దాన్ని మాత్రమే సాగదీస్తారు. అక్షర వేగం 20, పాఠం వేగం 8 పెట్టి చూడండి. ఒక అక్షరం ముగిశాక తరవాతిది మొదలయ్యే లోపల దాదాపు 0.9 సెకను, పదాల మధ్య రెండు సెకన్లకు పైగా దొరుకుతుంది. ఆలోచించుకునే సమయం అక్షరం లోపల కాకుండా దాని తరవాత వస్తుందన్నమాట. క్రమంగా ఆ ఖాళీని కుదిస్తూ పోవాలి. మంచి యాప్‌లన్నిటిలోనూ ఈ రెండు వేగాలను వేరువేరుగా పెట్టుకోవచ్చు.

ఇక అక్షరాలు ఎలా చేర్చుకోవాలన్నది. 1930లలో లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ మనస్తత్వవేత్త, వైర్‌లెస్ ఆపరేటర్ల శిక్షణను పరిశీలించి ఒక పద్ధతి చెప్పాడు. మొదట రెండే అక్షరాలను పూర్తి వేగంలో కలగాపులగంగా వినాలి. నూటికి తొంభై సరిగ్గా రాయగలిగితే మూడోది చేర్చుకోవాలి, లేకపోతే ఆ రెండింటితోనే ఉండాలి. ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత సైటులో ఇదే క్రమాన్ని 40 పాఠాలుగా పెట్టారు: కె, ఎం, యు, ఆర్, ఇ, ఎస్, ఎన్, ఏ... అలా సాగుతుంది. మీకు పట్టికంతా వచ్చు కనుక ఇది చిన్నపిల్లల తరగతిలో కూర్చోవడంలా అనిపిస్తుంది. అయినా కూర్చోండి. మీ కళ్లకు వచ్చిన పట్టిక వేరు, చెవికి రావలసింది వేరు.

సాధన రోజుకు రెండు విడతలు, విడతకు పావుగంట చాలు. ఏకబిగిన గంట కూర్చుంటే రెండో అరగంటలో మళ్లీ లెక్కపెట్టడం మొదలవుతుంది. యాప్‌లో తెర మీద చుక్కలూ గీతలూ కనిపించే సదుపాయం ఉంటే ఆపేయండి. స్వరం 600 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, అప్పుడప్పుడు 500కో 750కో మార్చండి. ఒకే స్వరానికి అలవాటుపడిన చెవి గాలిలోని సంకేతానికి తికమకపడుతుంది.

నేను వాణిజ్య నౌకల్లో పనిచేసిన కాలంలో 500 కిలోహెర్ట్జ్ మీద చెవి పెట్టి కూర్చోవడమే ఉద్యోగం. గంటకు రెండుసార్లు, 15వ నిమిషం నుంచి 18 వరకు, 45 నుంచి 48 వరకు, ఆపద సంకేతాల కోసం అందరూ మౌనం పాటించాలి. రేడియో గదిలోని గడియారం మీద ఆ భాగాలకు ఎర్ర రంగు వేసి ఉండేది. మద్రాసు రేడియో లాంటి తీర కేంద్రాలు ఏయే ఓడలకు సందేశాలున్నాయో కాల్‌సైన్ల జాబితా చదివేవి. టీ తాగుతున్నా, లాగ్ రాసుకుంటున్నా, ఆ జాబితాలో మన ఓడ కాల్‌సైన్ రాగానే తల ఎత్తేవాళ్లం. మిగిలిన వాటిని విన్నామన్న స్పృహ కూడా ఉండేది కాదు. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలతో కూడిన కొత్త ఆపద వ్యవస్థ పూర్తిగా అమలులోకి రావడంతో ఆ ఉద్యోగమే పోయింది గాని, ఆ వినికిడి పోలేదు.

గణాలను వదిలేయండి. నా అభిప్రాయం ఇది.

సమాధానం: తంతి_సిగ్నలర్

పై మిత్రులు చెప్పినదానిలో చాలావాటితో నాకు ఏకీభావమే గాని, 20 పదాల వేగం లేనిదే గతి లేదన్నట్టు మాట్లాడడం సరికాదనిపిస్తోంది. తపాలా, తంతి శాఖలు ఒకటిగా ఉన్న రోజుల్లో, అంటే 1985కు ముందు, నేను కృష్ణా జిల్లాలోని ఒక చిన్న కార్యాలయంలో సిగ్నలరుగా, అంటే మోర్స్‌లో తంతులు పంపి అందుకునే ఉద్యోగిగా, చేరాను. మాకు కోచ్ ఎవరో తెలియదు. నెమ్మదిగా మొదలుపెట్టి, పక్కనున్న సీనియరు ఎంత వేగంతో పంపితే అంత వేగంతో రాసుకుంటూ పైకి వచ్చాం. పొద్దస్తమానం లైను మోగుతూనే ఉండేది కనుక చెవి దానంతట అదే సాగింది.

ఇంకొక సంగతి. మీరు వినేది బీప్ శబ్దం, మేము విన్నది సౌండర్ శబ్దం. సౌండర్‌లో ధ్వని సాగదు. ఇనుప మీట కిందికి పడినప్పుడు ఒక టక్కు, పైకి లేచినప్పుడు మరొక టక్కు, అంతే. ఆ రెండు టక్కుల మధ్య ఎడం తక్కువైతే డిట్, ఎక్కువైతే డా. అంటే మేము విన్నదంతా నిజానికి ఎడాలనే. మోర్స్ మొదట తయారుచేసిన యంత్రం కాగితపు పట్టీ మీద గుర్తులు పెట్టేది, ఆపరేటర్లు దాన్ని చూసి చదవాలి. యంత్రం చప్పుడు వింటూ వింటూ కొందరు పట్టీ వైపు చూడకుండానే రాయడం మొదలుపెట్టారు. పైవాళ్లు మొదట్లో ఒప్పుకోలేదు గాని, చెవి కంటికన్నా వేగంగా పనిచేస్తోందని తేలాక పట్టీ యంత్రాన్నే పక్కన పెట్టారు. కోడును కళ్లతో నేర్చుకోవాలనే తాపత్రయం ఆనాటి నుంచీ ఉన్నదే.

శ్రోత గారికి నేను చెప్పదలచిన ముఖ్యమైన విషయం రాయడం గురించి. వినిపించిన అక్షరాన్ని వెంటనే రాసేయాలన్న ఆత్రం వద్దు. మంచి సిగ్నలరు చెయ్యి చెవికన్నా కొన్ని అక్షరాలు, ఒక్కోసారి ఒక పదం వెనక నడుస్తుంది. ఒక అక్షరం తప్పిపోతే అక్కడ గీత పెట్టి ముందుకు పోవాలి. పోయినదాని కోసం వెనక్కి తిరిగి చూస్తే వచ్చే మూడు కూడా పోతాయి. ఇంగ్లీషు పెద్ద బడి అక్షరాలను విడివిడిగా రాయకుండా, చిన్న అక్షరాలను కలిపి రాయడం అలవాటు చేసుకోండి. పెన్ను ఎన్నిసార్లు లేస్తే అంత ఆలస్యం.

మాటల్లో మాట. పెళ్లిళ్ల కాలంలో శుభాకాంక్షల తంతులు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె ఉండేది. దీర్ఘకాలం సుఖంగా కాపురం చేసుకోమనే దీవెన 8వ నంబరు. మాఘమాసం వచ్చిందంటే లైను మీద డా-డా-డా-డి-డిట్ తెగ మోగేది. ఆ అంకెను నేను ఇప్పటికీ అంకెగా వినలేను, నాకది ఎవరిదో పెళ్లి. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయేనాటికి మోర్స్ లైన్లు ఎప్పుడో పోయాయి గాని, ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఎనిమిదే.

సమాధానం: విశాఖ_రేడియో_ఆఫీసర్

సిగ్నలరు గారి మాటను నేను కాదనను, అయితే ఆయన చెప్పిన పద్ధతి పనిచేసింది రోజుకు ఎనిమిది గంటలు లైను ముందు కూర్చోబట్టి. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు అరగంట కేటాయించగలిగేవారికి ఆ దారి చాలా పొడవు. వెనకబడి రాయడం గురించి ఆయన చెప్పినది మాత్రం అక్షరాలా పాటించవలసినదే.

సమాధానం: నెల్లూరు_పద్యప్రియుడు

వృత్తిరీత్యా తెలుగు ఉపాధ్యాయుడిని, ప్రవృత్తిరీత్యా అమెచ్యూర్ రేడియో వాడేవాడిని, అంటే హామ్‌ను కనుక ఈ గణాల మాట నా కంట పడకుండా పోలేదు. గమ్మత్తు ఏమిటంటే, శ్రోత గారు చెప్పినదానికన్నా ఈ పోలిక ఇంకా ముందుకు పోతుంది. మన ఇంద్రగణాలు ఆరూ, అంటే నల, నగ, సల, భ, ర, త, వరుసగా హెచ్, వి, ఎఫ్, డి, కె, జి అక్షరాలు. సూర్యగణాలు రెండూ, న, హ, వరుసగా ఎస్, ఎన్. ఉత్పలమాల పాదంలోని భ-ర-న-భ-భ-ర-వ గణాలను కీ మీద కొడితే డి, కె, ఎస్, డి, డి, కె, ఏ వస్తాయి. చంపకమాల అయితే ఎస్, ఆర్, డి, ఆర్, ఆర్, ఆర్, కె. సరదాకు ఎంతైనా చేసుకోవచ్చు.

అయితే సాధనకు ఇది రెండు చోట్ల అడ్డు తగులుతుంది. మొదటిది కాలమానం. ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మోర్స్‌లో డా మూడు డిట్లు. గురువును రెండు మాత్రలుగా పలికే అలవాటుతో కీ పట్టుకుంటే డాలు కురచబడతాయి, అవతలివారికి అవి డిట్లలా వినిపిస్తాయి. శ్రోత గారు పంపడం ఒక మాదిరిగా వస్తోందన్నారు. ఒకసారి రికార్డు చేసుకొని, డిట్, డాల నిష్పత్తి ఎలా ఉందో పరీక్షించుకోవడం మంచిది.

రెండవది మరింత ముఖ్యమైనది. పద్యంలో గణానికీ గణానికీ మధ్య విరామం ఉండదు. గణవిభజన మనం కాగితం మీద గీసుకునే గీత మాత్రమే. మోర్స్‌లో విరామమే సర్వస్వం. గురువు, లఘువు, గురువు ఎడతెగకుండా వస్తే కె. మొదటి గురువు తరవాత కాస్త ఆగితే టి, ఏ. రెండో గుర్తు తరవాత ఆగితే ఎన్, టి. గుర్తులు ఒక్కటే, వరుస ఒక్కటే, నిశ్శబ్దం పడిన చోటు మాత్రమే వేరు. గురులఘువులను ఏరుకోవడంలో మునిగిన చెవి ఆ నిశ్శబ్దాన్ని వదిలేస్తుంది. 8 పదాల వేగంలో శ్రోత గారి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడడానికి కారణం వేగం కన్నా ఇదేనని నా అనుమానం.

అలాగని గణాలను శత్రువులుగా చూడనక్కరలేదు. పద్యాలు వింటూ పెరిగినవారు ఉత్పలమాల ఎత్తుకోగానే అది ఉత్పలమాల అని గుర్తిస్తారు. భ-ర-న-భ అని విడగొట్టి చూసుకోరు, చాలామందికి విడగొట్టడం రాదు కూడా. నడక ముందు చెవికి ఎక్కింది, లక్షణం తరవాత ఎప్పుడో బడిలో తెలిసింది. శ్రోత గారు లక్షణంతో మొదలుపెట్టారు, ఇప్పుడు నడక వినాలి. పట్టిక మరిచిపోవడం ఎలాగూ సాధ్యం కాదు గనుక మరవడానికి ప్రయత్నించకుండా, గణం పేరు తలపుకు వచ్చేలోపే తరవాతి అక్షరం వచ్చేంత వేగంలో వింటే సరిపోతుంది. పేరు దానంతట అదే జారిపోతుంది.

నోటితో అనుకునేటప్పుడు కూడా 'చుక్క, గీత' అనవద్దు. కె అంటే 'డా-డి-డా', ఎఫ్ అంటే 'డి-డి-డా-డిట్' అని తూగుతో పలకండి. ప్రయాణంలో కనిపించిన బోర్డుల మీది అక్షరాలను ఇలా గొణుక్కోవడం మంచి సాధన. పక్కన కూర్చున్నవారు వింతగా చూస్తారు, అది వేరే విషయం.

సమాధానం: డాలస్_తెలుగు_హామ్

ఇక్కడ అమెరికాలో 2007 ఫిబ్రవరి నుంచి ఏ శ్రేణి లైసెన్సుకూ మోర్స్ పరీక్ష లేదు. 2003 నాటి అంతర్జాతీయ రేడియో సమావేశం ఆ నిబంధనను ఆయా దేశాల ఇష్టానికి వదిలేయడంతో చాలా దేశాలు తీసేశాయి. అయినా నేర్చుకునేవారు తగ్గలేదు. రేడియోలో మోర్స్ పంపే పద్ధతిని సీడబ్ల్యూ అంటారు; సీడబ్ల్యూ ఆప్స్ అనే క్లబ్బువారు సీడబ్ల్యూ అకాడమీ పేరుతో ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా తరగతులు నడుపుతున్నారు, భారతదేశం నుంచి కూడా చేరవచ్చు. తరగతి వేళ మనకు తెల్లవారుజామున పడుతుందేమో చూసుకొని చేరండి.

నేను చెప్పదలచినది ఎదుగుదల ఆగిపోయినట్టు కనిపించే దశ గురించి. ఇండియానాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897లోనూ 1899లోనూ టెలిగ్రాఫ్ ఆపరేటర్లు నేర్చుకునే తీరు మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు. పంపే నైపుణ్యం నిలకడగా పెరుగుతుందనీ, వినే నైపుణ్యం కొంతదూరం పెరిగి, చాలాకాలం కదలకుండా నిలిచి, మళ్లీ ఒక్కసారిగా లేస్తుందనీ వారు గ్రాఫులు గీసి చూపించారు. అక్షరాలు వినడం అలవాటై, పదాలను పదాలుగా వినడం ఇంకా రాని దశలోనే గ్రాఫు చదునుగా ఉంటుందని వారి వివరణ. తరవాతి పరిశోధకులు ఆ చదును అందరిలోనూ కనిపించదని వాదించారు గాని, సాధన చేసినవారికి మాత్రం అది తెలిసిన చోటే. శ్రోత గారు ఇంకా ఆ గట్టు దాకా రాలేదు, ఆయన ఆగింది అంతకన్నా కింద, అక్షరం దగ్గరే. అందువల్ల ఎదురుచూస్తే దానంతట అదే కదులుతుందనుకోవడానికి లేదు, పద్ధతి మార్చాల్సిందే.

అక్షరాలు కొంత వచ్చాక చిన్న చిన్న ముక్కలను కూడా ఒక్కటిగా వినడం మొదలుపెట్టండి: సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి), డీఈ (ఫలానావారి నుంచి), టీఎన్ఎక్స్ (థాంక్స్), 73 (శుభాకాంక్షలు), 599 (మీ సిగ్నలు చక్కగా అందుతోంది). మనకైతే అన్నిటికన్నా ముందు వీయూ2: డి-డి-డి-డా, డి-డి-డా, డి-డి-డా-డా-డా. దాని పక్కనే వీయూ3 పెట్టుకొని వినండి. మీరు తడబడుతున్న 2, 3ల తేడా అక్కడ తెలిసినంత బాగా పట్టికలో తెలియదు.

ప్రశ్న అడిగినవారు: ఖమ్మం_శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. నెల్లూరు గారు చెప్పినట్టు నేను పంపినదాన్ని రికార్డు చేసి చూశాను. డాలు నిజంగానే కురచగా ఉన్నాయి, రెండు డిట్లకు కొంచెం ఎక్కువ. సైటులో కె, ఎం అనే రెండు అక్షరాలతో 20 వేగంలో మొదలుపెట్టాను. ర గణం అని మనసులో మెదిలేలోపే అయిపోతోంది, వింతగా చెయ్యి మాత్రం కె రాస్తోంది.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. పరీక్షలో అక్షరాలు కూడా 8 పదాల వేగంలోనే నెమ్మదిగా వస్తే, 20కి అలవాటుపడిన చెవి ఏమవుతుంది? గాలిలో వచ్చే అసలు సంకేతాలను వినడం ఎప్పుడు, ఎక్కడ మొదలుపెట్టాలి? నా దగ్గర హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) రిసీవరు ఒకటి ఉంది.

సమాధానం: విశాఖ_రేడియో_ఆఫీసర్

మొదటి సందేహం చాలామందికి తట్టదు, పరీక్ష గదిలోగాని తెలిసిరాదు. వేగంగా వినడం వచ్చినవారికి నెమ్మదైన అక్షరం సాగదీసిన మాటలా వినిపిస్తుంది. ఎస్ అయిపోయిందనుకొని రాసేస్తే నాలుగో డిట్ వచ్చి అది హెచ్ అవుతుంది. అందువల్ల అక్షరాలన్నీ 20లో స్థిరపడ్డాక, పరీక్షకు కొన్ని వారాల ముందునుంచి అక్షర వేగాన్ని 15కు, 12కు, చివరికి 8కి దించి వినండి. పైనుంచి కిందికి దిగడానికి పెద్ద శ్రమ ఉండదు. పాఠాన్ని యంత్రంతో వినిపిస్తారా, మనిషి కీ మీద పంపుతారా అన్నది మీ ప్రాంతపు పరీక్షా కేంద్రంలో ముందే కనుక్కోండి. నియమాలు మారుతుంటాయి కనుక తప్పుల పరిమితినీ, అంకెలనూ విరామచిహ్నాలనూ ఎలా లెక్కిస్తారన్నదాన్నీ దరఖాస్తు చేసేనాటి ప్రతిలోనే చూసుకోండి. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచి ఉంది. మీకు దగ్గరే గనుక అక్కడ అడిగినా తెలుస్తుంది.

గాలిలో వినడానికి అక్షరాలన్నీ వచ్చేదాకా ఆగనక్కరలేదు. పగటిపూట 14.100 మెగాహెర్ట్జ్ పెట్టండి. ప్రపంచంలోని వేర్వేరు చోట్ల పెట్టిన 18 బీకన్లు (తమంతట తామే సంకేతం పంపే కేంద్రాలు) అక్కడ వంతులవారీగా పదేసి సెకన్లు పలుకుతాయి, మూడు నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. ప్రతి బీకనూ తన కాల్‌సైన్‌ను 22 పదాల వేగంతో చెప్పి, ఆపైన సెకను పొడవున్న నాలుగు గీతలు పంపుతుంది. మొదటి గీత 100 వాట్లు, తరవాతివి 10, 1, చివరిది వాటులో పదోవంతు. మనకు దగ్గరగా ఉన్నది శ్రీలంక బీకను, 4ఎస్7బి. కాల్‌సైన్ ఒక్కసారే వస్తుంది, అందకపోతే మూడు నిమిషాలు ఆగితే మళ్లీ వస్తుంది. ఏ సమయానికి ఎవరి వంతో పట్టిక దొరుకుతుంది గాని, విన్నాకే చూడండి. చూసి వింటే చెవి అబద్ధం చెబుతుంది.

సాయంత్రం పూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండు అడుగున, 7.000 నుంచి 7.030 వరకు తిప్పుతూ ఉంటే మనుషుల చేతి సంకేతాలు దొరుకుతాయి. వాటిలో ఎడాలు యంత్రంలా కొలిచినట్టు ఉండవు, సిగ్నలు తేలిపోతూ మునిగిపోతూ ఉంటుంది, పక్కవాడి గోల కలుస్తుంది. అంతా రాయాలని చూడకుండా కాల్‌సైన్లు మాత్రం పట్టుకోండి. రిసీవరులో సన్నని ఫిల్టరు ఉంటే మొదట్లో 500 హెర్ట్జ్ దాకా చాలు, మరీ బిగిస్తే శబ్దం గంటలా మోగి డిట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

పంపడం మాట. డాలు సరిచేసుకునేటప్పుడు వేలితో కొట్టకుండా మణికట్టు కదిలేలా, మోచెయ్యి బల్ల మీద ఆనించి పంపండి. కీ మీటకూ కాంటాక్టుకూ మధ్య సందు ఒక మందపాటి కాగితం పట్టేంత ఉంటే మీ వేగానికి సరిపోతుంది. స్ప్రింగు బిగువు మరీ ఎక్కువైతే ఐదు నిమిషాల పాఠంలో మూడో నిమిషానికే చెయ్యి పట్టేస్తుంది. పరీక్షా కేంద్రంలో పరాయి కీ ఇస్తారేమో, మీ కీ తీసుకువెళ్లనిస్తారేమో అది కూడా అడిగి ఉంచుకోండి.